తెర వెనక నాలుగు కిలోలు

ఆ కొట్టు తెరిచిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి: పదకొండడుగుల వెడల్పున్న కింది గది, దాని నెత్తిన చెక్కనేల పరిచిన మేడగది, ఇరవయ్యేళ్ళు స్టెబిలైజర్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ అమ్మిన అనుభవం, ఒక మంచి మీటరు, మా బావ చెవులు రెండు. మొదటి నాలుగూ డబ్బు పెడితే ఎవరికైనా దొరుకుతాయి. చివరివి ఆ బజారు మొత్తంలో నాకొక్కడికే ఉన్నాయి.

బావ అంటే మా అక్క మొగుడు. రికార్డింగు స్టూడియోలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. పాట పూర్తయి అందరూ చేతులు దులుపుకుంటుంటే, మూడో నిమిషంలో వయొలిన్ల వరసలో ఎవరిదో కుర్చీ కిర్రుమందని చెప్పి మళ్ళీ మొదలుపెట్టించేవాడు. స్టూడియో మూతబడ్డాక ఇంట్లో కూచుని, ఫ్రిజ్ మోత ఏ స్వరంలో ఉందో, నిన్నటికీ ఇవాళ్టికీ అది ఎంత జారిందో అక్కకి చెబుతూ ఆవిడ ప్రాణం తీసేవాడు.

"ఈయన్ని ఎక్కడికైనా తీసుకుపోరా తమ్ముడూ. నా సంగతి సరే, ఆ ఫ్రిజ్ అయినా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది" అంది అక్క.

తీసుకొచ్చాను. పాటలు వినే సామాను అమ్మే కొట్టు పెట్టాం. పెట్టుబడి నాది, చెవి ఆయనది. పత్రాలు రాసుకోలేదు. బావాబావమరుదుల మధ్య పత్రాలేమిటి?

మా కొట్టుకి ఒక పద్ధతి ఉండేది. ఏ సరుకైనా షెల్ఫు ఎక్కాలంటే ముందు మేడమీది తెర దాటాలి. గది మధ్య మందపాటి నీలం తెర వేలాడుతుంది. తెరకి ఇవతల బావ కుర్చీ. చెప్పులు విప్పి, పాదాలు నేలకి ఆనించి, కళ్ళు మూసుకుని కూచుంటాడు. అవతల నేను. కొత్త సరుకూ పాత సరుకూ పక్కన పెట్టుకుని, నాకు తోచిన వరసలో మార్చి మార్చి, ఒకే పాట పదిసార్లు వినిపిస్తాను. కొత్తదనిపిస్తే ఆయన కుడిచెయ్యి ఎత్తాలి, పాతదనిపిస్తే ఎడమచెయ్యి. పదిలో ఎనిమిది సరిగ్గా చెప్పి, కొత్తదే బాగుందంటే సరుకు షెల్ఫెక్కుతుంది. లేకపోతే తెచ్చినవాడే మోసుకుపోవాలి.

అందులో నేను మరీ చాదస్తుణ్ణి. ప్రతిసారీ బల్ల ఖాళీ చేసి మొదలుపెట్టేవాణ్ణి. వాడిన వస్తువు నేలమీదికి దించి, ఈసారి వాడవలసినది నేలమీంచి ఎత్తి బల్లమీద పెట్టి, తీగ తగిలించి, అప్పుడు పాట. ఒకే వస్తువు వరసగా రెండుసార్లు వచ్చినా సరే, దించాలి, ఎత్తాలి. అలా చేస్తేనే న్యాయంగా ఉంటుందని నా నమ్మకం.

జనానికి ఈ తెర సంగతి తెలిసిపోయింది. పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చేవాళ్ళు. "మీ బావగారు విన్నారా?" అని అడిగేవారు తప్ప "ఎంత?" అని ముందు అడిగినవాడు లేడు.

అలా పదేళ్ళు గడిచాక ఒక పొద్దున సెంటాయన వచ్చాడు. అసలు పేరుతో ఎవరూ పిలవరు. ఆయన మెట్లెక్కకముందే సెంటు వాసన ఎక్కుతుంది. మాకు సామాను సరఫరా చేసేవాళ్ళలో నోరున్నవాడు. వస్తూనే చిన్న ఇనపపెట్టె ఒకటి బల్లమీద పెట్టాడు. బల్ల మూలిగింది.

"నాలుగు కిలోలు! ఎత్తి చూడండి గురువుగారూ" అన్నాడు, బిడ్డ బరువు చెప్పినట్టు.

అది లీనియర్ పవర్ సప్లై. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఇప్పుడు పాటలన్నీ అంకెల రూపంలో చిన్న డబ్బాలోంచి వస్తున్నాయి. ఆ డబ్బాకి కరెంటు అందించడానికి, ఫోను చార్జరులాంటి అరచేతిలో పట్టే అడాప్టరు ఒకటి దాంతోనే ఇస్తారు. ఆ అడాప్టరు తీసేసి, లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఉన్న ఇలాంటి పెట్టె తగిలిస్తే కరెంటు శుభ్రంగా వస్తుందనీ, దాంతో పాట కూడా బాగుపడుతుందనీ కొందరి వాదం.

"కళ్ళజోడు తుడుచుకుని చూసినట్టుంటుంది పాట" అన్నాడు సెంటాయన.

"ఆ డబ్బా లోపలికెళ్ళిన కరెంటుని అదే మళ్ళీ వడగట్టుకుంటుంది కదండీ. బయట మనం ఎంత వడగడితే మాత్రం దానికేం తెలుస్తుంది?" అన్నాను.

"ట్రాన్స్‌ఫార్మర్లు అమ్మినవారు మీరే అలా అంటే ఎలాగండీ?"

"అమ్మాను కాబట్టే అంటున్నాను."

మీటరు తెచ్చి డబ్బాలోంచి పాట బయటికొచ్చే చోట కొలిచాను. అడాప్టరుతో ఎంతో పెట్టెతోనూ అంతే. ఉన్న కాస్త రొద కూడా మనిషి చెవికి అందనంత కింద ఉంది. బావకి చూపించాను. ఆయన మీటరుకేసి చూడనైనా చూడలేదు.

"నీ మీటరు పాట వింటుందా బావమరిదీ? పద మేడమీదికి."

వెళ్ళాం. పెట్టెకున్న తీగ జానెడే. అందుకని దాని వంతు వచ్చినప్పుడల్లా నేలమీంచి ఎత్తి, డబ్బా పక్కనే ఆనించి పెట్టాలి. అడాప్టరు వంతుకి ఆ బాధ లేదు. దాన్ని రెండు వేళ్ళతో తీసి తగిలించవచ్చు. పదిసార్లు మార్చాను. బావ పదికి పదీ చెప్పాడు. ఒక్కసారి కూడా తడుముకోలేదు. పాట మొదలైన రెండో క్షణానికే చెయ్యి లేచేది.

"ఎలా ఉంది బావా?"

"పాటకి కాళ్ళకింద నేల దొరికినట్టుంది" అన్నాడు, కళ్ళు తెరుస్తూ. ఆ మొహంలో వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో.

సెంటాయన నా భుజం తట్టాడు. నేను మీటరు సొరుగులో పడేశాను. పదికి పది అంటే ఊరికే వచ్చేది కాదు. బొమ్మాబొరుసా వేసినా వరసగా పదిసార్లు రాదు. నాకు అర్థంకానిదేదో ఆ ఇనపపెట్టెలో ఉందనుకున్నాను. ఆరు నెలల్లో ముప్ఫై ఒక్క పెట్టెలు వెళ్ళాయి. ముప్ఫై ఒక్కటీ బావ మాటమీదే.

ఆ ముప్ఫై ఒక్కరిలో ఒకాయన లెక్కల మాస్టారు. ఉద్యోగం నుంచి దిగి ఏడాది. మెత్తటి మనిషి. కొన్న మూడో వారం కొట్టుకొచ్చి, నేరం చేసినవాడిలా నిలబడ్డాడు.

"నాకు తేడా తెలియడం లేదండీ. మార్చి మార్చి విన్నాను. ఒకలాగే ఉంది."

"నెల్లాళ్ళు వాడండి మాస్టారూ. చెవి అలవాటు పడాలి. ఆ పైన ఉండే చిన్న చిన్న మెరుపులు మెల్లిగా వినబడతాయి" అన్నాడు బావ.

"అంటే... మీకు స్పష్టంగా వినబడుతోందా అండీ?"

"ఎదురుగా మీరు కనబడుతున్నంత స్పష్టంగా."

మాస్టారు తలూపి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ వేలితో చెవి ఒకసారి నలుపుకోవడం చూశాను. అప్పుడు పట్టించుకోలేదు.

ఆ వారంలోనే ఇంకో కొత్త డబ్బా వస్తే, దానికి ఈ పెట్టెనీ అడాప్టరునీ మార్చి మార్చి వినిపించడానికి మేడెక్కాం. నాలుగో వంతుకి పెట్టె ఎత్తి బల్లమీద పెట్టాను. చూస్తే దాని దీపం వెలగలేదు. ఫ్యూజు పోయినట్టుంది. లేచి ఆపేద్దామనుకుని, ఈ ఒక్కసారికి సర్దేద్దామని అడాప్టరే తగిలించి పాట పెట్టాను.

బావ కుడిచెయ్యి ఎత్తాడు. "ఆఁ, ఇదీ పెద్దది! ఎంత తేడా చూడు" అన్నాడు.

ఐదోసారి అడాప్టరు ఊరికే తీసి పెట్టాను. ఎడమచెయ్యి. ఆరోసారి చచ్చిన పెట్టెని ఎత్తి బల్లమీద దించి, అడాప్టరే తగిలించాను. కుడిచెయ్యి. అలా పది దాకా వెళ్ళాను. పెట్టె బల్లమీద దిగినప్పుడల్లా కుడిచెయ్యి లేచింది. నాలుగునుంచి పది దాకా పాటలోకి దాని కరెంటు బొట్టైనా పోలేదు.

బల్ల కాళ్ళు ఆనిన చెక్కలూ, బావ పాదాలు ఆనిన చెక్కలూ ఒకటే. నాలుగు కిలోలు దిగిన అదురు ఆ చెక్కలవెంట పాకి ఆయన అరికాళ్ళలోకి వెళ్తోంది.

మర్నాడు తెరదాటిన సరుకుల జాబితా తీసి ముందు పెట్టుకుని కూచున్నాను. గత రెండేళ్ళలో షెల్ఫెక్కినవి పద్నాలుగు. పద్నాలుగూ పాతవాటికన్నా బరువైనవి. వెనక్కి పోయినవన్నీ తేలికవి. ఆ రెండేళ్ళలో ఒక్క తీగ కూడా తెర దాటలేదు. "ఆ కొట్టువాళ్ళు నిజాయితీపరులు, ఖరీదైన తీగలు అంటగట్టరు" అని మాకు మంచిపేరు కూడా వచ్చింది. తీగకి బరువుండదు కదా.

ఇందులో బావ మోసం ఏమీ లేదు. అది నేను ఎవరి ముందైనా చెబుతాను. ఆయనకి నిజంగానే వినబడుతోందనుకుంటున్నాడు. చెవి వదిలేసిన పని కాలు అందుకుంది, ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అక్క దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. ఎలా మొదలెట్టాలో తెలియక, "ఇంట్లో బావ ఎలా ఉంటున్నాడే?" అన్నాను.

"ఎలా ఉంటాడు? టీవీ మోతకి పక్కింటావిడ తలుపు కొట్టి అడిగింది, మీ ఇంట్లో పెళ్ళేమైనా ఉందా అని. నేను ఒకటంటే ఆయన ఇంకోటంటాడు. పరధ్యానం అనుకున్నా." చేతిలో చొక్కా మడత మధ్యలోనే ఆగిపోయింది. "ఏమైందిరా?"

చెప్పాను. ఆవిడ చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"ఫ్రిజ్ గురించి చెప్పడం మానేసి రెండేళ్ళయిందిరా. మనసు మెత్తబడింది, నామీద జాలి పుట్టిందనుకుని మురిసిపోయా."

"చెప్పేద్దామా?"

"చెప్పి? ఆ కుర్చీలోంచి లేపాక ఆ మనిషి ఇంకెక్కడ కూచుంటాడ్రా? స్టూడియో పోయినప్పుడు ఏడాదిపాటు చూశాను నేను. మళ్ళీ చూడలేను."

అయినా డాక్టరుకి చూపించకుండా ఎలా? బావతో వ్యాపారం మాట మాట్లాడాను. "నీ చెవులకి డాక్టరు సర్టిఫికెట్టు ఒకటి తెచ్చుకుంటే గోడకి తగిలిద్దాం బావా. కొట్టుకి కళ వస్తుంది" అన్నాను. పొంగిపోయాడు. ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని వచ్చాడు. నేను జీవితంలో చాలా సరుకు మాటలతో అమ్మాను. అంత సులువుగా ఏదీ అమ్ముడుపోలేదు. ఆ రోజు నాకు గర్వంగా లేదు.

చెవుల డాక్టరమ్మ ఆయన్ని చిన్న గాజుగదిలో కూచోబెట్టింది. అడుగున రబ్బరు పరిచిన గది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమంది. నేను బయటనుంచి చూస్తున్నాను. మొదట్లో టకటకా నొక్కాడు. తరవాత ఆగి ఆగి. ఆ తరవాత చేతిలో మీట అలాగే పట్టుకుని, ఇంకా మొదలుపెట్టలేదేమిటన్నట్టు గాజులోంచి ఆవిడకేసి చూస్తూ కూచున్నాడు. లోపల శబ్దాలు మోగుతూనే ఉన్నాయి.

ఆవిడ కాగితం మీద గీత చూపించింది. సగం దాకా చక్కగా వచ్చి, అక్కణ్ణుంచి మేడమెట్లు దిగినట్టు దిగిపోయింది.

"కింది స్వరాలు పర్వాలేదు. పైవన్నీ పోయాయి, రెండు చెవుల్లోనూ. మెల్లిగా పోతాయి కాబట్టి మనిషికి తెలియదు. దీనికి మందు లేదు. చెవి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి."

నేను బావ మొహంకేసి చూడలేక నేలకేసి చూశాను. ఆయన వంగి బల్లకింద చూస్తున్నాడు.

"అమ్మా, ఈ పరీక్ష చేసే మిషనుకి కరెంటు దేన్నుంచి ఇస్తున్నారు?" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. బల్లకింద గోడకి నల్లటి అడాప్టరు వేలాడుతోంది. బావ దాన్ని వేలితో చూపించి, నాకేసి కన్ను గీటాడు.

"చూశావా? అదీ సంగతి. పైస్వరాలు సరిగ్గా ఎలా వస్తాయి? మంచి పవర్ సప్లై పెట్టమని చెప్పు. కావాలంటే మనదొకటి అరువిద్దాం. మళ్ళీ వచ్చి చేయించుకుంటాను."

డాక్టరమ్మ నాకేసి చూసింది. నేనేం చెప్పను? ఆరు నెలలుగా ముప్ఫై ఒక్కమందికి నేను అమ్మిన మాట అదే. బేరం కుదిర్చిన నోరు ఇప్పుడు కాదనడానికి పెగల్లేదు.

వచ్చేటప్పుడు దారిలో ఆయన హుషారుగానే ఉన్నాడు. అక్కకి చెబితే, "నిజంగా నమ్ముతున్నాడంటావా, లేక మనల్ని నమ్మిస్తున్నాడా?" అంది. నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

నా ముందున్న దారులన్నీ కూచుని లెక్కేశాను. తెర పరీక్షలు ఆపేస్తే ఎందుకని అడుగుతాడు. పెట్టెలు అమ్మడం ఆపేసినా అదే అడుగుతాడు. చెప్పేస్తే అక్క అన్నట్టే అవుతుంది. చెప్పకపోతే కొన్నవాళ్ళందరి చెవుల్లో పువ్వులు పెట్టినట్టే. ఎటునుంచి లెక్కేసినా చివర్న సున్నాయే వచ్చింది. వ్యాపారంలో అలాంటి పరిస్థితి వస్తే సరుకు వదిలించుకుని బయటపడతాం. బావని ఎలా వదిలించుకుంటాను?

ఇలా నేను రోజులు నెడుతుంటే లెక్కల మాస్టారు మళ్ళీ వచ్చాడు. తన పెట్టెని మందపాటి తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లాణ్ణి మోసినట్టు మోసుకొచ్చాడు. బావ టీకి వెళ్ళాడు. మంచి సమయమే దొరికిందనుకున్నాను.

"వెనక్కి తీసుకుంటానండీ. పూర్తి డబ్బు ఇచ్చేస్తాను" అన్నాను, ఆయన నోరు తెరవకముందే.

"అందుక్కాదండీ వచ్చింది." గొంతు తగ్గించాడు. "మీ బావగారికి వినబడేది నాకు వినబడటం లేదంటే, నా చెవులు పోతున్నట్టే కదా? మా నాన్నగారికీ ఈ వయసులోనే మొదలైంది. నిద్ర పట్టడం లేదండీ. ఆయన వింటుండగా, తెర వెనక నేను మార్చి చూస్తాను. ఆయన చెప్పగలిగితే లోపం నాలోనే ఉందన్నమాట. తేల్చేసుకుంటాను. శనివారం రానా?"

కాదనడానికి నాకు కారణం దొరకలేదు. ఉన్న కారణం ఒక్కటే, అది చెప్పేది కాదు. ఈలోగా బావ మెట్లెక్కి వస్తే మాస్టారు ఆయన్నే అడిగాడు. "రండి మాస్టారూ, నిక్షేపంలా రండి!" అన్నాడు.

శనివారం పదిన్నరకి మాస్టారు వచ్చాడు. వరస ముందే ఇంట్లో కాగితం మీద రాసుకొచ్చాడు. బావ చెప్పులు విప్పి కూచున్నాడు. నేనూ మాస్టారూ తెర వెనక్కి వెళ్ళాం.

మాస్టారు తెచ్చిన తువ్వాలు నాలుగు మడతలు వేసి బల్లమీద పరిచాడు. "మీ బల్ల గీసుకుపోతుందండీ" అన్నాడు, ఏదో ఉపకారం చేస్తున్నట్టు. పెట్టె ఎత్తి దానిమీద మెత్తగా దించాడు. చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు.

పాట మొదలైంది. తెర పక్కసందులోంచి నాకు బావ పాదాలు కనబడుతున్నాయి. కాలివేళ్ళు చెక్కమీద అటూ ఇటూ కదులుతున్నాయి. చీకట్లో గోడమీద స్విచ్చి కోసం తడిమే చెయ్యిలా. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పాట సగమైంది.

అప్పుడు నేను మడమ ఎత్తి నేలమీద వేశాను. మెల్లిగానే. కుడిచెయ్యి లేచింది.

మాస్టారు కాగితం మీద గీత పెట్టుకున్నాడు. రెండోసారి అడాప్టరు. నేను కదల్లేదు. బావ కాసేపు ఆగి ఎడమచెయ్యి ఎత్తాడు. మూడు, నాలుగు, ఐదు. ఐదూ సరిపోయాయి. నేను బావని నిలబెడుతున్నాననే అనుకున్నాను. పక్కకి చూస్తే మాస్టారు మొహం పాలిపోయి ఉంది. నా మడమ దెబ్బ ఒక్కొక్కటీ ఆ మనిషి నెత్తిన పడుతోంది. ఒకణ్ణి ఎత్తిపెట్టాలంటే ఇంకొకణ్ణి తొక్కాలి. ఆపుదామనుకున్నాను. ఆపితే బావ ఏమవుతాడు? అలా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆరోసారి పెట్టె వంతు. మాస్టారు దాన్ని బల్లమీద పెట్టి తీగ తగిలించాడు. నేను మడమ వేశాను. బావ కుడిచెయ్యి ఠక్కున లేచింది.

గదిలో పాట లేదు. మాస్టారు చెమటపట్టిన చెయ్యి జేబురుమాలుతో తుడుచుకుంటున్నాడు. ఇంకా మీట నొక్కలేదు.

"మొదలుపెట్టారా మాస్టారూ?" అన్నాడు బావ.

"లేదండీ, ఇదిగో... నొక్కబోతున్నా."

బావ చెయ్యి గాలిలోనే ఉంది. తల తిప్పి దానికేసి చూశాడు. ఎవరిదో చెయ్యి తన భుజానికి అతికించి ఉన్నట్టు చూశాడు. మెల్లిగా దింపుకున్నాడు. తరవాత వంగి నేలకేసి చూసి, రెండు పాదాలూ ఎత్తి కుర్చీలో బాసింపట్టు వేసుకున్నాడు.

"బావమరిదీ, నువ్వు ఇటొచ్చి నా ఎదురుగా కూచో" అన్నాడు. "ఇప్పుడు పెట్టండి మాస్టారూ."

వెళ్ళి కూచున్నాను. మిగిలిన ఐదుసార్లూ ఆయన కళ్ళు తెరుచుకునే విన్నాడు. ప్రతిసారీ పాట చివరిదాకా విన్నాడు. ప్రతిసారీ ఒకటే మాట: "తెలియడం లేదు."

మాస్టారు తెర తీసుకుని బయటికొచ్చాడు. "మరి మొదటి ఐదూ సరిగ్గా చెప్పారు కదండీ?"

"అవి నేను వినలేదండీ" అన్నాడు బావ. "రాసుకోండి. తేడా లేదు. దీన్ని షెల్ఫులోంచి తీసెయ్యరా."

మాస్టారు దాన్ని ఎలా అర్థం చేసుకున్నాడో గానీ, మొహం విప్పారింది. "అమ్మయ్య! అయితే నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట! మీలాంటివారికే తేడా తెలియకపోతే ఇక నాకేం తెలుస్తుంది!" అని బావ రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. బావ నవ్వాడు. ఆ నవ్వు చూడాల్సి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మాస్టారుకి నిజం చెప్పలేకపోయాను. ఆయన చెవులు బాగున్నాయని తేల్చింది బాగాలేని చెవులని ఏ నోటితో చెప్పను?

ఆయన మెట్లు దిగి వెళ్ళాక బావ చాలాసేపు చెప్పులు వేసుకోలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నెల్లాళ్ళయింది బావా."

"నెల్లాళ్ళూ తొక్కుతూనే ఉన్నావా?"

"లేదు. ఇవాళే."

"బాగానే తొక్కావు. ఆరోదానికి తొందరపడ్డావు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక చివరి లెక్క. ముప్ఫై ఒక్కమందికీ కబురు చేశాను, పెట్టె తెచ్చి డబ్బు తీసుకువెళ్ళమని. మాస్టారుతో కలిపి పందొమ్మిదిమంది తెచ్చారు. పన్నెండుమంది ఇవ్వం పొమ్మన్నారు, తమకి తేడా వినబడుతోందట. ఒకాయన ఫోనులో, "మీకు చెవుల్లేకపోతే మాకూ లేవా?" అని గదమాయించాడు. వాళ్ళది తప్పని నేను ఎలా అనను? తేడా లేదని నా మీటరు చెబుతోంది. వినిపించడం లేదని బావ చెబుతున్నాడు, కానీ ఆ మాటకి ఇప్పుడు ఏం విలువ కట్టాలో తెలియదు. పెట్టెతో పాట బాగుపడుతుందా లేదా అని ఎవరైనా అడిగితే, మీటరు మాట చెప్పి ఊరుకుంటున్నాను.

సెంటాయన అలిగి వేరే కొట్టు చూసుకున్నాడు. సొంత సరుకుని తామే వెనక్కి తీసుకున్న కొట్టని పేరొచ్చి మాకు బేరాలు పెరిగాయి. ఇంతకుముందుకన్నా ఎక్కువే. బావ మిషను పెట్టుకోనంటాడు. కొట్టుకి మాత్రం పదకొండింటికల్లా వస్తాడు. మేడెక్కడు. కింద గల్లాపెట్టె పక్కన కూచుంటాడు. నేను మాట్లాడుతుంటే నా పెదాలకేసి చూస్తాడు.

నిన్న కొట్టులో పాట నడుస్తోంది. ఎవరో కొనేవాళ్ళు వింటున్నారు. బావ నా చెయ్యి తట్టి, "పాట పెట్టావా?" అన్నాడు. పెట్టానన్నాను. "ఎలా ఉంది?" అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఆయన అడగడం అదే మొదలు.

"బాగుంది బావా" అన్నాను. అంతకన్నా చెప్పడం నాకు రాదు. నేను ఎప్పుడూ విన్నవాణ్ణి కాదు, అమ్మినవాణ్ణి. ఆయన ఇంకా ఏదో చెబుతానని నా మొహంకేసి చూస్తూనే ఉన్నాడు. ఇవాళ కూడా అడిగాడు. రేపూ అడుగుతాడు. ఇన్నాళ్ళ ఈ వ్యాపారంలో నాకు వచ్చింది ఇదీ: రోజుకొక ప్రశ్న.